నట్టింటి మాటల్లో పిల్లవాడి వంతు

ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరు ఆపాక రెండోవారు అందుకోవడానికి పట్టే సమయం సుమారుగా సెకనులో ఐదో వంతు. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు పది భాషల సంభాషణలను కొలిచి 2009లో ఈ లెక్క చెప్పారు. డెన్మార్క్‌వాళ్ళు కాస్త నిదానం, జపాన్‌వాళ్ళు కాస్త తొందర, మొత్తానికి అందరూ ఆ దరిదాపుల్లోనే. అయితే ఒక బొమ్మను చూసి దాని పేరు పలకడానికే పెద్దవాళ్ళకు సెకనులో సగానికి పైగా పడుతుంది. మరి ఐదో వంతులో జవాబెలా వస్తోంది? ఎదుటివారి వాక్యం ఎక్కడ ముగుస్తుందో ముందే పసిగట్టి, వింటూ వింటూనే మన మాట పేర్చుకుంటున్నాం కాబట్టి.

మూడేళ్ళ పిల్లవాడికి ఈ విద్య ఇంకా పట్టుబడదు. వాడు ముందు వినాలి, తర్వాత ఆలోచించాలి, ఆ తర్వాత మాటలు వెతుక్కోవాలి. రాయలసీమలోని ముదిగుబ్బలో కదిరి బస్సు ఆగీ ఆగకముందే పెద్దవాళ్ళు ఎక్కేస్తారు, పిల్లవాడిని మాత్రం ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగాలి. పెద్దల సంభాషణలోకి ఎక్కడం వాడికి అంత పని. ఆ పిల్లవాడికి నత్తి కూడా ఉంటే ఏమవుతుందన్నదే ఈ అధ్యాయం.

ముందు ఏది నత్తి, ఏది కాదు అన్నది తేల్చుకోవాలి. రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య పిల్లలందరూ తడబడతారు. "నాకు, నాకు బుడ్డలు కావాల", "అప్పుడు, అప్పుడు ఏమాయనంటే" అంటూ మాటకు మాటే తిప్పి చెప్పడం మామూలే. నత్తిలో మాట లోపలే విరుగుతుంది. "బ-బ-బ-బస్సు" అని అక్షరం తిరగబడుతుంది, "మ్మ్మ్మామా" అని సాగుతుంది, లేదా పెదాలు బిగుసుకుపోయి శబ్దమే రాదు. కొందరు ఆ బిగువును దాటడానికి కళ్ళు ఆర్పుతారు, తల ఊపుతారు, కాలు నేలకేసి కొడతారు. ఇది ఎక్కువగా వాక్యం మొదట్లో వస్తుంది. వాక్యం పొడుగైతే, చెప్పాలన్న ఆత్రం ఎక్కువైతే ఇంకా వస్తుంది. ఒకరోజు ఉండి ఇంకోరోజు మాయమవుతుంది, ఒక్కోసారి వారాల తరబడి కనిపించదు. అందుకే ఇంట్లోవాళ్ళు "పోయిందిలే" అనుకున్న మర్నాడే "మళ్ళా వచ్చింది" అంటారు.

ఇది అరుదేమీ కాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1,600 మందికి పైగా పిల్లలను పసితనం నుంచి గమనిస్తూ వచ్చిన అధ్యయనంలో, నాలుగేళ్ళు వచ్చేసరికి 11 శాతం మందికి ఏదో ఒక దశలో నత్తి కనిపించింది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఎహుద్ యైరీ, నికొలిన్ ఆంబ్రోస్ 84 మంది పిల్లలను నత్తి మొదలైన కొద్ది కాలం నుంచే ఏళ్ళ తరబడి చూశారు. వారిలో 74 శాతం మందికి అది దానంతటదే పోయింది. పోనివారిలో మగపిల్లలే ఎక్కువ. మెల్‌బోర్న్ లెక్కల్లో ఇంకో సంగతి ఉంది. నత్తి వచ్చిన పిల్లలు భాషలో వెనకబడినవారు కారు, సగటున కాస్త ముందున్నవారే. నత్తి పడే పిల్లవాడిని మందమతి అనుకునే పాత అలవాటును మాన్పించడానికి ఈ ఒక్క సంగతి చాలు.

మరి ఎందుకొస్తుంది? నత్తి కొందరిలో ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. నిన్న రాత్రి బాగానే మాట్లాడిన పిల్లవాడు తెల్లారి మాట కోసం పెనుగులాడుతుంటే, ఆ ముందురోజు ఏం జరిగిందా అని ఇల్లంతా వెతుకుతుంది. కుక్క తరిమింది, కరెంటు పోయి భయపడ్డాడు, ఫలానా ఆమె కన్ను పడింది, నత్తి ఉన్న పిల్లవాడితో ఆడి నేర్చుకున్నాడు, చిన్నప్పుడు వస నాకించడం మరిచిపోయాం. (వస గురించి ఒక మాట. పసిపిల్లలకు వసకొమ్ము అరగదీసి పెట్టడం మన ఇళ్ళలో ఉన్నదే, కానీ ఎలుకల్లో కణితులు వచ్చినట్టు తేలాక అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో వాడకూడదని నిషేధించింది. పిల్లవాడు వసపిట్టలా మాట్లాడాలన్న ఆశతో ఆ కొమ్మును నాకించకపోవడమే మేలు.) ఇల్లంతా వెతికిన వీటిలో ఏదీ నత్తికి కారణం కాదు. నత్తి కుటుంబాల్లో నడుస్తుంది. 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లోని డెనిస్ డ్రేనా బృందం, పాకిస్తాన్ కుటుంబాలతో మొదలైన తన పరిశోధనలో, మూడు జన్యువుల్లో నత్తితో ముడిపడిన మార్పులను పట్టుకుంది. అవి కొద్దిమంది విషయంలోనే కారణం, దారి మాత్రం ఏ దిక్కున ఉందో చూపించాయి. మెదడు స్కానులు కూడా మాట కట్టి పలికించే ఎడమవైపు తీగల్లో చిన్నతనం నుంచే తేడాలు చూపుతున్నాయి.

అంటే నత్తిని తెచ్చేది తల్లిదండ్రుల మాటతీరు కాదు. ఈ వాక్యాన్ని ఇంత తేలిగ్గా రాయగలగడానికి ముప్ఫై నలభై ఏళ్ళ పోట్లాట జరిగింది. ఆ కథ అమెరికాలోని అయోవాలో మొదలవుతుంది.

వెండెల్ జాన్సన్ 1906లో కాన్సాస్‌లో పుట్టాడు. తనకే నత్తి. దాన్ని పోగొట్టుకోవాలనే అయోవా విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అక్కడే పేరున్న వాక్‌శాస్త్రవేత్త అయ్యాడు. ఆ రోజుల్లో అక్కడ నత్తికి చేతివాటమే మూలమన్న సిద్ధాంతం నడిచేది. జాన్సన్ తన చేతికి ప్లాస్టర్ కట్టించుకుని కూడా చూశాడు, ఏమీ కాలేదు. ఆ తర్వాత ఆయన వేరే సిద్ధాంతం కట్టాడు. పిల్లలందరికీ ఉండే మామూలు తడబాటును పెద్దలు నత్తి అని పేరుపెట్టి, కంగారుపడి, సరిదిద్దబోతారు. ఆ కంగారే పిల్లవాడిలో నత్తిగా మారుతుంది. జబ్బు పిల్లవాడి నోట్లో కాదు, వినే పెద్దవాళ్ళ చెవిలో పుడుతుందన్నది ఆయన వాదన.

దీన్ని పరీక్షించడానికి 1939లో ఆయన విద్యార్థిని మేరీ ట్యూడర్ డావెన్‌పోర్ట్‌లోని ఒక అనాథాశ్రమానికి వెళ్ళింది. 22 మంది పిల్లలు. మామూలుగా మాట్లాడే ఆరుగురికి కొన్ని నెలలపాటు "నీకు నత్తి మొదలవుతోంది, సరిగ్గా మాట్లాడలేకపోతే నోరు తెరవకు" అన్న ధోరణిలో నూరిపోశారు. చూసుకునే అమ్మానాన్న దగ్గర లేని పిల్లలు కాబట్టే ఈ పని సాధ్యమైంది. ఫలితం రెండు రకాలుగా విషాదం. ఆ పిల్లల్లో నత్తి పుట్టలేదు. కానీ వారు మాట్లాడడమే తగ్గించేశారు, ముడుచుకుపోయారు, బడిలో వెనకబడ్డారు. ట్యూడర్ సిద్ధాంత వ్యాసం ప్రచురణకు నోచక గ్రంథాలయంలోనే ఉండిపోయింది. 2001లో సాన్ హోసే మెర్క్యురీ న్యూస్ పత్రిక బయటపెట్టాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం బాధితులకు, వారి వారసులకు 9,25,000 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. యైరీ, ఆంబ్రోస్ 2002లో ఆ పాత కాగితాలు తిరగేసి, జాన్సన్ సిద్ధాంతానికి ఆ ప్రయోగంలో ఆధారమే లేదని తేల్చారు.

కానీ సిద్ధాంతం అప్పటికే ప్రపంచమంతా తిరిగింది. దశాబ్దాలపాటు డాక్టర్లు తల్లులకు ఒకే సలహా ఇచ్చారు: పట్టించుకోవద్దు, ఆ మాట ఎత్తవద్దు. సలహాలో దాగున్న నింద తల్లులకు వినిపించకపోలేదు. అది ఇవాళ్టికీ పోలేదు. "నువ్వు వాడిని అరుస్తావు కాబట్టే" అని అత్త కోడలిని అనే ఇల్లు జాన్సన్ పేరు విని ఉండదు, ఆయన వాదననే పలుకుతుంది.

నింద తప్పని తేలాక మిగిలిన ప్రశ్న ఇంకా ఆసక్తికరమైనది. పెద్దల మాట నత్తిని పుట్టించదు సరే, పుట్టిన నత్తిని ఆ పూట పెంచగలదా, తగ్గించగలదా?

ఇక్కడ ఎవరి ప్రభావం ఎవరి మీద అన్నది ముందు చూడాలి. 1985లో సూసన్ మేయర్స్, ఫ్రాన్సెస్ ఫ్రీమన్ ఒక తెలివైన పని చేశారు. నత్తి ఉన్న పిల్లల తల్లులను, లేని పిల్లల తల్లులను తీసుకుని, పిల్లలను మార్చి మార్చి కూర్చోబెట్టారు. ఏ తల్లి అయినా సరే, పిల్లవాడి మాట తడబడినప్పుడే ఎక్కువగా అడ్డు వచ్చింది. అంటే మధ్యలో అందుకోవడం చెడ్డ తల్లి లక్షణం కాదు. ఎదుటివారి మాట ఆగితే పూరించడం మనిషికి ఆగని అలవాటు. నత్తి అడ్డుతగలడాన్ని పిలుస్తుంది, అడ్డుతగలడం నత్తి ఉన్నవాడికి ఉన్న కాస్త సమయాన్నీ తినేస్తుంది.

వేగం సంగతి. 1988లో ఇద్దరు తల్లులకు నెమ్మదిగా మాట్లాడడం నేర్పితే వారి పిల్లల్లో నత్తి తగ్గింది, విచిత్రమేమంటే పిల్లల మాట వేగం మాత్రం తగ్గలేదు. 2001లో వెర్మాంట్‌లో బారీ గిటార్ బృందం నత్తి లేని ఆరుగురు మూడేళ్ళ పిల్లల తల్లులను బాగా నెమ్మదించమంది. ఈసారి ఆరుగురిలో ఐదుగురు పిల్లలు తామూ నెమ్మదించారు. అంతకుముందు 1989లో జరిగిన మరో చిన్న ప్రయోగంలో, పెద్దవాళ్ళు జవాబు చెప్పే ముందు మూడు సెకన్లు ఆగితే పిల్లలు కూడా ఆగి మాట్లాడడం మొదలుపెట్టారు, ఎవరూ అడగకుండానే. మూడు సెకన్లంటే కాగితం మీద చిన్నదే. ఒకసారి ఇంట్లో ప్రయత్నించి చూడండి, ఆ నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో తెలుస్తుంది.

ఈ ప్రయోగాల్లో పిల్లలు ఇద్దరు, నలుగురు, ఆరుగురు. ఇంత చిన్న అంకెల మీద పెద్ద భవనం కట్టకూడదు. ఉదాహరణకు "నత్తి ఉన్న పిల్లలను ప్రశ్నలు అడగొద్దు" అన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. పరీక్షించి చూస్తే అది నిలవలేదు. 1992లో ఒక అధ్యయనంలో పిల్లలు ప్రశ్నకు జవాబిచ్చేటప్పటికంటే తమంతట తాము ఏదైనా చెప్పబోయినప్పుడే ఎక్కువ తడబడ్డారు. జవాబు చిన్నది, కథ పెద్దది, అంతే. "బువ్వ తిన్నావా?" అంటే "ఊ" చాలు. జాతరలో ఏం చూశావో చెప్పాలంటే రంగులరాట్నం, బొరుగులు, తప్పిపోయిన చెప్పు అన్నీ ఒకేసారి నోటికొస్తాయి. ప్రశ్నలన్నీ ఒకటి కావు. చుట్టాల ముందు నిలబెట్టి "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అనిపించడం నా దృష్టిలో ప్రశ్న కాదు, పరీక్ష. దాన్ని మానేయడానికి అధ్యయనమేమీ అక్కర్లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే సంగతి. ఈ పరిశోధనలో అధికభాగం ఒక గదిలో ఒక తల్లి, ఒక బిడ్డ, కొన్ని బొమ్మలతో జరిగింది. ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో మూడేళ్ళ పిల్లవాడి మాట అలాంటి గదిలో పెరగదు. వానలు పడేముందు విత్తనకాయలు ఒలిచే రోజులు గుర్తుతెచ్చుకోండి. నట్టింట్లో శెనక్కాయల కుప్ప, చుట్టూ జేజి, తాత, చిన్నాయన, పిన్నమ్మ, పక్కింటి అక్క, ఇద్దరు ముగ్గురు పిల్లలు. టీవీ దాని పాటికది మోగుతుంటుంది. ఒకరి మాట ముగియకముందే ఇంకొకరు అందుకుంటారు, అది మర్యాదలేకపోవడం కాదు, ఆప్యాయత. గట్టిగా చెప్పినవాడిదే వంతు. అమ్మానాన్న పనికి బెంగళూరు వెళ్ళి ఉంటే, రాత్రి వచ్చే వీడియో కాల్‌లో ఐదు నిమిషాలు, ఫోను చేతులు మారుతూ, "చెప్పు, చెప్పు, బిన్నె చెప్పు, జేజికియ్యి" అంటూ. ఇక్కడ తల్లి ఒక్కతే నెమ్మదిస్తే సరిపోతుందా?

ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది ఒక చిన్న అధ్యయనం. 1994లో మార్సియా విన్‌స్లో, బారీ గిటార్ నత్తి ఉన్న ఐదేళ్ళ అబ్బాయి ఇంటి భోజనాల బల్లను పరిశీలించారు. కొన్ని రోజులు మామూలుగా తిన్నారు. తర్వాత నియమం పెట్టారు: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వినాలి, వంతు వచ్చాకే మాట్లాడాలి. తడబాటు తగ్గింది. నియమం తీసేస్తే పెరిగింది, మళ్ళీ పెడితే తగ్గింది. ఒక్క పిల్లవాడు, ఒక్క కుటుంబం. కానీ పెట్టి తీసి పెట్టి చూశారు కాబట్టి, ఆ పిల్లవాడి విషయంలోనైనా కారణం ఏదో తెలిసిపోయింది. వాడిని సరిగా మాట్లాడమని ఎవరూ అనలేదు, వాడు మాట కోసం పోటీ పడాల్సిన అవసరం తీసేశారు. సంగటి ముద్ద చుట్టూ కూర్చున్న మన ఇంటికి ఇది సరిపోయే నియమం. దీన్ని అమలుచేయగలిగింది తల్లి కాదు, తాత. ఆయన "ఉండండ్రా, వాన్ని చెప్పనీయండి" అంటే ఇల్లు ఆగుతుంది. అదే మాట కోడలంటే ఆగుతుందని నేననుకోను.

ఇక "నిదానంగా చెప్పురా" అనే మాట. ప్రేమతోనే అంటాం. కానీ అది వేగం తగ్గించే పనిని ఎవరికి చేతకాదో వాడి మీదే పెడుతుంది. చెప్పబోయే సంగతి పోయి, ఎలా చెబుతున్నానన్న ధ్యాస మిగులుతుంది. పైగా ఆ మాట మనం గబగబా అంటాం. పాట పాడేటప్పుడు, బడిలో అందరితో కలిసి పద్యం చెప్పేటప్పుడు నత్తి రాదు కాబట్టి "వాడు కావాలనే చేస్తాండాడు" అనుకునేవారూ ఉంటారు. లయ ఉన్నప్పుడు, నలుగురి గొంతు తోడున్నప్పుడు నత్తి తగ్గడం దాని స్వభావంలోనే ఉంది. రెండు భాషల మధ్య పెరగడం కూడా కారణం కాదు. కదిరి, హిందూపురం ఇళ్ళలో ఉర్దూ, తెలుగు, కన్నడం కలిసి పెరిగే పిల్లలను ఒక్క భాషకు కుదించనక్కర్లేదు.

ఇప్పటివరకు చెప్పింది విని, పిల్లవాడి మాట గురించి అసలేమీ అనకూడదని అనుకోవచ్చు. సిడ్నీలోని లిడ్‌కోంబ్ శివారు పేరుతో మార్క్ ఆన్‌స్లో బృందం తయారుచేసిన చికిత్స దీనికి తిరగబడుతుంది. అందులో తల్లిదండ్రులు రోజూ కాసేపు పిల్లవాడితో ఆడుతూ, సాఫీగా వచ్చిన మాటను మెచ్చుకుంటారు, ఎప్పుడో ఒకసారి మాత్రమే తడబడిన మాటను మెత్తగా గుర్తుచేస్తారు. న్యూజిలాండ్‌లో 54 మంది పిల్లలతో చేసి 2005లో ప్రచురించిన పరీక్షలో ఇది పనిచేసింది. లండన్‌లోని మైకేల్ పేలిన్ కేంద్రం దారి వేరు. అక్కడ వారానికి కొన్ని రోజులు ఐదేసి నిమిషాలు తల్లి లేదా తండ్రి పిల్లవాడితో ఒంటరిగా ఆడాలి, పిల్లవాడు ముందు నడవాలి, పెద్దవాళ్ళు తమ మాటతీరునే సర్దుకోవాలి. ఈ రెండు బాణీల మధ్య చాలాకాలం గట్టి వాదాలు నడిచాయి.

రాటర్‌డామ్‌కు చెందిన మరీ-క్రిస్టీన్ ఫ్రాంకెన్ బృందం 199 మంది పిల్లలతో వీటికి పోటీ పెట్టి, 2015లో ఫలితాలు ప్రచురించింది. సగం మందికి లిడ్‌కోంబ్ పద్ధతి, సగం మందికి పెద్దల మాటనూ ఇంటి ఒత్తిడినీ తగ్గించే పద్ధతి. 18 నెలల తర్వాత నత్తి పోయినవారు మొదటి గుంపులో 76.5 శాతం, రెండో గుంపులో 71.4 శాతం. ఆ తేడా లెక్కలోకి రానిది. చికిత్స లేని మూడో గుంపు ఇందులో లేదు, దానంతటది పోయేవారు చాలామంది ఉంటారని పైనే చూశాం, కాబట్టి ఈ అంకెలన్నిటినీ చికిత్స ఖాతాలో వేయలేం. నేను దీన్ని చదివే తీరు ఇది: రెండింటిలోనూ ఉన్నది ఒక పెద్ద మనిషి రోజూ కాసేపు ఫోను పక్కనపెట్టి, ఈ పిల్లవాడికి మాత్రమే చెవి ఇవ్వడం. మిగతా తేడాల మీద పరిశోధకులు పోట్లాడుకోవచ్చు, ఇంట్లోవాళ్ళు ఆ పోట్లాట తేలేదాకా ఆగనక్కర్లేదు.

అయితే ఎప్పుడు సాయం కోరాలి? నత్తి మొదలై ఆరు నెలలు, ఏడాది దాటినా తగ్గకపోతే, ఇంట్లో పెద్దయ్యాక కూడా నత్తి ఉన్నవారుంటే, పిల్లవాడు బిగుసుకుంటున్నా, మాట్లాడడం మానుకుంటున్నా ఆగకూడదు. అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం 2013 నుంచి ఎదుగుదల సమస్యలు చూసి పైకి పంపుతోంది, వారి ముందు ఈ సంగతి మనమే ఎత్తాలి. వాళ్ళు వచ్చిన గంటలో పిల్లవాడు నోరు తెరవకపోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ముదిగుబ్బవాళ్ళకు మైసూరు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ కూడా అందేదే, ధర్మవరంలో రైలెక్కి బెంగళూరు మీదుగా పోవచ్చు. కూలి పోగొట్టుకుని ప్రతి వారం అంత దూరం ఎవరు వెళ్ళగలరన్నది న్యాయమైన ప్రశ్నే. ఆస్ట్రేలియాలో 2016లో లిడ్‌కోంబ్ చికిత్సను వెబ్‌క్యామ్ ద్వారా ఇచ్చి చూస్తే, ఆసుపత్రికి వచ్చినవారికంటే ఫలితం తగ్గలేదు. కాబట్టి మొదటిసారి వెళ్ళినప్పుడే, మిగతాది వీడియోలో కుదురుతుందా అని స్పీచ్ థెరపిస్టును అడగాలి.

వెళ్ళేముందు ఒక పని చేయండి. కొత్త చోట పిల్లవాడు ఒక్కసారి కూడా తడబడకపోవచ్చు, అప్పుడు మీ మాట నమ్మించడం కష్టం. వాడు మాట్లాడుతున్నప్పుడు ఫోనులో పది నిమిషాలు రికార్డు చేసుకోండి, ముఖానికి ఎదురుగా పెట్టకుండా, గూట్లోనో కిటికీ మీదో ఆనించి. ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు ఒకటి, అందరూ ఉన్నప్పుడు ఒకటి. రెండోదాంట్లో మీ గొంతులూ పడనివ్వండి. థెరపిస్టు పిల్లవాడి మాట ఎంత వింటుందో, మీ మాటలూ అంతే వింటుంది.